పలుకురాయి మీద పలకని చాటింపు

ఆ ఉదయం ఘోషవతి నదిని చూడటానికి రెండు కళ్లు చాలవు. తూర్పుకొండల నెత్తిన ముందు కుంకుమ చల్లినట్టయింది. తర్వాత ఎవరో బంగారం కరిగించి వాలు మీదుగా ఒంపినట్టయింది. ఈ గట్టున తామ్రగిరి రాజ్యపు ఎర్రరాతి బురుజులు నిప్పుల్లా రాజుకున్నాయి. ఆ గట్టున ముత్యాలమడుగు రాజ్యపు తెల్లని మేడలు, పోకతోటలు పలచని మంచులోంచి ఒక్కొక్కటే తల ఎత్తాయి. నడుమ నది, రెండు గడపల మధ్య పరిచిన పట్టుచీరలా మెరుస్తూ పోతోంది. ఆ నదికి నట్టనడుమ, మునిగి లేస్తున్న మదగజంలా నల్లగా పలుకురాయి.

ఇంత నది మీద ఒక్క పడవ లేదు. పడవలన్నీ రెండు గట్ల మీదా బోర్లా పడి, ఎండకు పగిలి, వానకు చివికి ఉన్నాయి. వాటి కింద కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్నాయి.

దీనికంతకూ మూలం ఒక ఏనుగు. వెనకటి తామ్రగిరి రాజుగారి పట్టపుటేనుగు మదమెక్కి నది ఈదిపోయి, అవతలి రాజుగారి చెరుకుతోట మేసింది. వాళ్లు ఏనుగును కట్టేసుకున్నారు. వీళ్లు ఏనుగును ఇమ్మన్నారు. వాళ్లు చెరుకు ఇమ్మన్నారు. మాటకు మాట పెరిగి, నిండుసభలో రాయబారి తలపాగా ఎవరో లాగి, ఆ సాయంత్రానికల్లా రెండు రాజ్యాల్లోనూ ఆపత్కాల శాసనం పుట్టింది. నది దాటకూడదు. అవతలి పాట పాడకూడదు. అవతలి మనిషిని తలుచుకుని ఏడ్చినా కొత్వాలుకు చెప్పి ఏడవాలి. జనం దానికి గట్టుకట్టు అని పేరు పెట్టుకున్నారు. తర్వాత ఆ ఏనుగు చచ్చింది. దాన్ని పోగొట్టుకున్న రాజూ పోయాడు, కట్టేసుకున్న రాజూ పోయాడు. గట్టుకట్టు మాత్రం ఏటేటా కొత్త పెళ్లికొడుకులా ముస్తాబవుతూనే ఉంది.

ఎందుకు అవదు? ఆపద ఉన్నంతకాలం తామ్రగిరి కొత్త రాజుగారు మహామంత్రి దంభోళి మాట దాటకూడదు. కోటకు తోలిన ధాన్యం ఏమైందని ఎవరూ అడగకూడదు. ఎవడు తల ఎత్తినా వాడు శత్రువు మనిషి. అంత సుఖమైన ఆపదను చేతులారా వదులుకోవడానికి దంభోళికేమన్నా పిచ్చా?

అయితే ఒక్క చిక్కు ఉంది. రెండు రాజ్యాలకూ పునాది వేసిన పెద్దలు తెలివైనవాళ్లు. ఆపత్కాలానికి ఏడాదే ఆయుష్షు పెట్టారు. పొడిగించాలంటే వైశాఖ పున్నమినాడు, పొద్దు పడమటి కొండను దాటేలోగా, చాటింపువారి వంశంలో పుట్టిన గొంతు పలుకురాయి మీదనుంచి రెండు గట్లకూ వినపడేలా చాటాలి. జవాబు చెప్పే ముత్యాలమడుగు గొంతుకు మాత్రం సంజ ఎరుపు ఆరేదాకా గడువు. తాటాకు మీద రాస్తే చెల్లదు, భేరి కొడితే చెల్లదు. ఆ గొంతు పలకకపోతే శాసనం ఎండుటాకులా రాలిపోతుంది. చాటింపువారు తప్ప ఇంకెవరు పలుకురాయి మీద కాలు మోపినా, ఆ కాలు అక్కడే రాయైపోతుంది.

ఆ వైశాఖ పున్నమి ఇవాళే. తామ్రగిరి చాటింపరి ఉదాత్తుడు తెల్లవారుజామునుంచి కనపడటం లేదు.

ఉదాత్తుడి గొంతు సంగతి తామ్రగిరిలో పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు. అతను గొంతు సవరించుకుంటే కోట పావురాలు లేచిపోతాయి. అతను పేరుపెట్టి పిలిస్తే పొరుగూళ్లో మనిషి ఓయ్ అంటాడు. ఆ రాతి మీద నిలబడే హక్కు రెండు రాజ్యాల చాటింపువారికే ఉంది కనుక, ఆ రెండిళ్లూ తరతరాలుగా ఇచ్చిపుచ్చుకుంటూ వచ్చాయి. అలాగే ముత్యాలమడుగు చాటింపరి ఘంటారావుడు తన కూతురు హేలావతిని ఉదాత్తుడికిచ్చి చేశాడు. తల్లికి జ్వరమని హేలావతి పుట్టింటికి వెళ్లింది. నాలుగు రోజుల్లో వస్తానంది. ఆమె పడవ దిగిన మర్నాడే ఏనుగు నది ఈదింది.

అప్పటినుంచీ ఏటేటా ఉదాత్తుడు పలుకురాయి ఎక్కుతున్నాడు. తన ఇల్లాలిని తనకు దూరంగా ఉంచే మాటను తన నోటితోనే చాటుతున్నాడు. అతను చాటాక, రాతికి అవతలివైపునుంచి మామ ఘంటారావుడు జవాబుగా తమ రాజు మాట చాటుతాడు. ఇద్దరి మధ్యా మనిషెత్తు రాతిగోడ. ముఖాలు కనపడవు, వేరే మాట అనకూడదు. కానీ చాటింపు అయ్యాక మామ ఒక్క చిన్న దగ్గు దగ్గేవాడు. అమ్మాయి బాగుందని దానర్థం. ఆ దగ్గు పట్టుకుని ఉదాత్తుడు ఏడాదంతా బతికేవాడు. పోయినేడు ఆ దగ్గు తడిగా, లోతుగా వచ్చింది. ఉత్త దగ్గు కాదది, జబ్బు దగ్గు. అది విన్న దగ్గరనుంచీ అతనికి ముద్ద మింగుడుపడలేదు. మామ పోతే ఆ దగ్గు కూడా ఉండదు.

అందుకే ఈ ఏడు చాటకూడదనుకున్నాడు. ఇక్కడ తను పలకకపోతే, అక్కడ జవాబు చెప్పడానికి ఏముంటుంది? రెండు కట్లూ ఒకేసారి ఊడతాయి. రేపటికి పడవలు నీళ్లలో ఉంటాయి. అతను వేసుకున్న లెక్క అంతే.

దాక్కోవడానికి కుమ్మరి కొండమ్మ చోటిచ్చింది. నది ఒడ్డున ఆమె కుండలు కాల్చే ఆవం, చుట్టూ కుండల గుట్టలు. ఉదాత్తుడు తల గొరిగించుకుని, ఒంటినిండా బంకమన్ను పూసుకుని, గోచీ బిగించి, మూగ పాలేరు వేషంలో మన్ను తొక్కుతున్నాడు. కొండమ్మ నోటికి మాత్రం వేషం లేదు.

"పొద్దు గూకేదాకా నోరు తెరిచావో, నీ పెళ్లాం సంగతేమో గానీ నా తల తెగుద్ది" అంది. "నాకు ఇంకా తల అవసరముంది నాయనా. మా ఆయన కుండలు అమ్ముకొస్తానని ఆ గట్టుకు పోయి అక్కడే చిక్కాడు. ఈపాటికి ఇంకోదాన్ని చేసుకునే ఉంటాడు. ఆ సంగతి కళ్లారా చూసి, ఇద్దర్నీ నాలుగు తన్ని, ఆయన్ని ఇంటికి తెచ్చుకోవాలని నా కోరిక."

ఉదాత్తుడు నవ్వబోయి నోరు మూసుకున్నాడు. అతని నవ్వు కూడా కోటదాకా వినపడుతుంది మరి.

ఎండ ముదరకముందే కొత్వాలు మనుషులు దిగారు. వాళ్ల చేతిలో వెడల్పాటి ఇత్తడి పళ్లెం, పళ్లెం నిండా సన్నని ఇసుక. ఊళ్లో మగవాళ్లందర్నీ వరసగా నిలబెట్టి పళ్లెం ముందు జయజయ అనిపిస్తున్నారు. ఉదాత్తుడి గొంతు తగిలితే ఆ ఇసుక లేచి ముగ్గులా గీతలు కడుతుందని ఆస్థాన పండితులు చెప్పారట. వడ్రంగి అరిచాడు, ఇసుక కదల్లేదు. చేపలవాడు అరిచాడు, కదల్లేదు. వరస మన్ను తొక్కేవాడి దగ్గరికొచ్చింది. వీడు మూగ అని కొండమ్మ చెప్పింది.

కొత్వాలు ఉదాత్తుణ్ణి పైకీ కిందికీ చూశాడు. ఆవంలో ఎర్రగా కాలుతున్న కుండను వట్టిచేతుల్తో తీసి తన కాళ్లముందు పెట్టమన్నాడు.

ఉదాత్తుడు తీశాడు. అరచేతులు చుర్రుమన్నాయి, చర్మం కుండకు అంటుకుంది. కళ్ల ముందు నది ఎర్రగా తిరిగింది. అయినా కుండను పగలనీయకుండా తెచ్చి నేల మీద దించాడు. నోట్లోంచి ఊపిరి తప్ప ఏమీ రాలేదు.

కొత్వాలు మొహంలో నవ్వు మెల్లగా విచ్చుకుంది. ఎంత మూగవాడైనా చెయ్యి కాలితే ఊఁ అనో ఆఁ అనో అంటాడు గదా, వీడు ఇంత బిగబట్టుకున్నాడంటే లోపల ఏదో దాచుకున్నాడన్నమాటేనని భటులతో అన్నాడు. పళ్లెం దగ్గరికి తెమ్మన్నాడు.

అంతే, కొండమ్మ విరుచుకుపడింది. కుండలు తట్టే చెక్క ఎత్తి ఉదాత్తుడి వీపు మీద ఒక్కటిచ్చింది. కాలీకాలని కుండ బయటికి తీసి ఆవం చల్లార్చాడనీ, తిండికి తప్ప దేనికీ పనికిరాడనీ, వీణ్ణి కన్నతల్లి ఆనాడే నదిలో వేసి ఉంటే బాగుండేదనీ ఎత్తుకున్న గొంతు దించకుండా తిట్టింది. ఆ తిట్లకు పళ్లెంలో ఇసుక ఎగిరి కొత్వాలు కళ్లలో పడింది. భటులు నవ్వు ఆపుకోలేక నేల చూపులు చూశారు. కొత్వాలు కళ్లు నులుముకుంటూ, ఈ ఊళ్లో చాటింపుకు ఈమే చాలని సణుక్కుంటూ పక్క పల్లెకు పోయాడు.

వాళ్లు కనుమరుగవగానే కొండమ్మ ఉదాత్తుడి చేతులు పట్టుకుని అరచేతులు తిప్పి చూసింది. కలబంద తెస్తానని డొంకలోకి పరుగెత్తింది.

అప్పుడు ఉదాత్తుడు ఒక్కడే మిగిలాడు. ఎండ నడినెత్తికొచ్చింది. నది మీద వెలుగు ముక్కలు ముక్కలుగా పగిలి కళ్లు చెదిరిపోతున్నాయి. ఆ మెరుపులోంచి ఎవరో నడిచి వస్తున్నారు.

తడిసిన నీలిచీర ఒంటికి అంటుకుంది. జడ విడిపోయి నీళ్లు కారుతోంది. నుదుటి బొట్టు కరిగి ముక్కు మీదికి జారింది. సన్నని నడుము మీద ఒక చెయ్యి, ఎండ పడకుండా కళ్లకు అడ్డం ఇంకో చెయ్యి. ఆ నడక అతనికి తెలుసు. నిద్రలో తెలుసు, అన్నం ముందు తెలుసు, ఖాళీ పక్క మీద చెయ్యి పడ్డప్పుడు తెలుసు. హేలావతి అది. ఇన్నేళ్లలో ఆమె ముంగురుల్లో ఒక్క తెల్లవెంట్రుక కూడా రాలేదు. వెళ్లిననాటి వయసే, వెళ్లిననాటి చీరే. అక్కడే అతను ఆగి ఆలోచించాల్సింది. కానీ ఎదురుచూసి ఎదురుచూసి అలిసిన మనిషికి అంత ఆలోచన ఎక్కడిది?

"ఉదాత్తా" అని పిలిచింది ఆమె. "ఈదుకుంటూ వచ్చేశాను. ఒక్కసారి నన్ను పిలవవూ?"

ఉదాత్తుడు పిలిచాడు.

"హేలావతీ."

ఆ పిలుపుకు కుండల గుట్టలు గణగణమన్నాయి. నది మీద కొంగలు లేచాయి. కానీ ఆ పిలుపు నోట్లోంచి వచ్చి గాలిలో కలవలేదు. తేనెపట్టు లోంచి తేనె కారినట్టు చిక్కగా, పచ్చగా కారి, చాచిన ఆమె అరచేతిలో ముద్దకట్టింది. చివరి బొట్టుదాకా వచ్చింది. ఉదాత్తుడు గొంతు పట్టుకున్నాడు. లోపల ఎండిన బావి.

నీలిచీర పొగైపోయింది. పొగలోంచి కాలిన దుంగలాంటి మనిషి బయటపడ్డాడు. నేలకు ఈడ్చే జడలు, జడల చివర్ల మిణుకుమిణుకుమనే నిప్పురవ్వలు. దంభోళి కొలువులో ఉన్న మాంత్రికుడు ధూమ్రజటి. వాడు అరచేతిలోని ముద్దను ముద్దొస్తున్నట్టు చూసుకుని, జడలోంచి ఒక చిన్న గిజిగాణ్ణి తీసి దాని ముక్కులో పోశాడు. పిట్ట ఒళ్లు విదిలించుకుంది.

"చాటింపువారి గొంతే కావాలన్నారు గానీ చాటింపువాడే కావాలని ఏ పెద్దా అనలేదు గదయ్యా" అన్నాడు వాడు. "నువ్వు హాయిగా మన్ను తొక్కుకో." పిట్టను గాల్లోకి వదిలాడు. అది నదికి అడ్డంగా పలుకురాయి వైపు దూసుకుపోయింది. మాంత్రికుడు వెనక్కి తిరక్కుండానే మాయమయ్యాడు.

కలబంద మట్టతో కొండమ్మ వచ్చేసరికి ఉదాత్తుడు మోకాళ్ల మీద కూలి ఉన్నాడు. చేతి సైగలతో, మన్ను మీద గీతలతో జరిగింది చెప్పాడు. ఆమె అడిగింది ఒక్కటే.

"నిన్ను పేరు పెట్టి పిలిచిందా?"

అతను తల ఊపాడు.

"ఏ ఇల్లాలు మొగుణ్ణి పేరు పెట్టి పిలుస్తుందిరా, పిచ్చి సన్నాసీ. నా మొగుణ్ణి తిట్టేటప్పుడు కూడా నేను పేరు ఎత్తను" అంది. తర్వాత ఆమె గొంతు తగ్గింది. "పోన్లే. నేనైనా పలికేదాన్నే."

ఏడుస్తూ కూచోవడానికి పొద్దు ఆగదు. కుమ్మరివాళ్ల పని కుమ్మరివాళ్లకు ఉంటుంది. కొండమ్మ పెద్ద కుండలు ఏరి, మూతులు మన్నుతో మూసి, బోర్లా పేర్చి, పైన వెదురుతడకలు వేసి మోకుతో బిగించింది. కుండల తెప్ప తయారైంది. కాలిన చేతులకు కలబంద రాసి గుడ్డ చుట్టింది. నది దాటకూడదని శాసనం గదా అన్నట్టు ఉదాత్తుడు కోటవైపు చూశాడు. ఇది పడవ కాదు, కుండలు కొట్టుకుపోతుంటే నువ్వు పట్టుకోబోయావు, అంతేనంటూ ఆమె తెప్పను నీళ్లలోకి నెట్టింది.

సగం దూరం బాగానే పోయింది. అప్పుడు బురుజు మీదనుంచి చూశారు. మొదటి బాణం వచ్చి ముందు కుండను ఠప్పున పగలగొట్టింది. రెండోది పక్క కుండను. తెప్ప ఒక పక్కకు ఒరిగింది. ఉదాత్తుడు నీళ్లలోకి జారి, తెప్పను నెత్తిన గొడుగులా పెట్టుకుని కాళ్లతో తన్నుకుంటూ పోయాడు. బాణాలు తడకలో గుచ్చుకుంటున్నాయి. ఇంతలో నీళ్లు ఉడికాయి. అడుగునుంచి పొగ బుడగలు లేచాయి. ఆ బుడగల మధ్య మొసలి ఒకటి తేలింది. పొగతో చేసిన మొసలి. కళ్లు నిప్పులు. నోరు తెరిస్తే లోపల నాలుక లేదు, వట్టి సెగ. అది తెప్పను నడిమికి కొరికింది. కుండలు పగిలిన కొద్దీ మన్నుమూతులు ఊడి, లోపల బిగిసి ఉన్న గాలి బుస్సుమని మొసలి మొహాన కొట్టింది. పొగకు గాలి పడుతుందా? మొసలి తల చెదిరింది, తోక చెదిరింది, చివరికి నది మీద పలచని మసకగా మిగిలి గాలికి పోయింది. తెప్ప కూడా పోయింది. మిగిలిన ఒక్క కుండను పొట్ట కింద అదుముకుని ఉదాత్తుడు సుడిలో చుట్లు తిరిగి, చేతులకు చుట్టిన గుడ్డలు ఊడిపోయి, ఊపిరి ఆగిపోయే వేళకు పలుకురాయి పాదం పట్టుకున్నాడు.

రాతి పగుల్లోంచి ఒక వంకర ఈతచెట్టు నది మీదికి వాలి ఉంది. దాని మట్టలకు గిజిగాళ్ల గూళ్లు వేలాడుతున్నాయి. చెట్టు నిండా పిట్టలే. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి, అన్నీ గడ్డిపోచలు లాగుతున్నాయి, అన్నీ కిచకిచమంటున్నాయి. ఇందులో తన గొంతు ఎవరి దగ్గరుంది?

పొద్దు పడమటి కొండకు జానెడు ఎత్తున నిలబడింది. నీళ్లు రాగిరంగు తిరిగాయి. తామ్రగిరి గట్టు మీద జనం మూగారు. దంభోళి కొలువుదీరిన రాచపడవ, ఏడాదికి ఈ ఒక్కరోజే కదిలే పడవ, రాతికి కొంచెం ఎడంగా నిలిచింది. దాని కొమ్ము మీద ధూమ్రజటి కూచుని కాళ్లు నీళ్లలో ఆడిస్తున్నాడు.

ఉదాత్తుడు చెట్టు మొదట్లో కదలకుండా నిలబడ్డాడు. పిట్టలు అతన్ని రాతిముక్క అనుకున్నాయి. పొద్దు అంచు కొండను తాకింది. అప్పుడు ఒక గూటి మీది పిట్ట గడ్డిపోచ జారవిడిచి, మెడ సాచి, అహఁ అని గొంతు సవరించుకుంది.

ఎన్ని వేలమందిలో ఉన్నా తన సవరింపు తనకు తెలియదా? గాలి అదిరింది. గూళ్లు ఊగాయి. మిగతా పిట్టలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. ఆ పిట్ట నోరు తెరిచి, "ఆలకించండహో, తామ్రగిరి" అనేసరికి ఉదాత్తుడు ఎగిరి రెండు చేతులతో దాన్ని మూశాడు. బొబ్బలు చితికాయి. నొప్పి నడినెత్తికి కొట్టింది. అయినా చూపుడువేలూ బొటనవేలూ కలిపి ఆ చిన్న ముక్కును మెల్లగా మూసి పట్టుకున్నాడు.

పిట్ట గుండె గుప్పెట్లో టకటకమంది. దాని కింద ఇంకోటి కొట్టుకుంటోంది, పెద్దది, అతనిది. తన గొంతు తన చేతిలో గిలగిలలాడటం అతనికి తెలుస్తోంది.

ధూమ్రజటి కాళ్లాడించడం మానేశాడు. పడవనుంచి దంభోళి లేచి నిలబడ్డాడు. అతను అరవలేదు, కోప్పడలేదు. ఇంట్లో పెద్దలా చెప్పాడు.

"ఉదాత్తా, దాన్ని పలకనియ్యి. పలికిందా, నీ గొంతు నీకొస్తుంది. పొద్దు దాటిందా, అది గాలిలో కలుస్తుంది, ఎవరికీ కాకుండా పోతుంది. రేపు ఆ గట్టుకు పోయి నీ ఇల్లాలి ముందు నిలబడి ఏమని పిలుస్తావు?"

ఉదాత్తుడు పడమటికి చూశాడు. పొద్దు సగం మునిగింది. గొంతుతో అతను ఏం చేసుకున్నాడు ఇన్నేళ్లు? ఏటేటా ఈ రాతి మీద నిలబడి తన కొంప తనే కూల్చుకున్నాడు. అంతకన్నా మూగగా ఆమె పక్కన కూచుని ఆమె మాటలు వినడం మేలు గాదా. ఆమె మాట్లాడితే చాలు. రోజంతా మాట్లాడినా అతను వింటాడు.

అతను వేళ్లు సడలించలేదు.

పొద్దు కనపడే అంచు గోరంతైంది, గోటి చివరైంది, పోయింది. గుప్పెట్లో వణుకు ఒక్కసారిగా ఆగింది. వేళ్ల సందుల్లోంచి వెచ్చని గాలి ఒకటి జారి, అతని చెంప తగిలి, నది మీదుగా ఎటో పోయింది. ఉదాత్తుడు చేతులు తెరిచాడు. పిట్ట ఉత్తపిట్టై కిచ్ మని, తన గూటికి పోయి, వదిలేసిన గడ్డిపని అందుకుంది.

తామ్రగిరి గట్టు మీద ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఒక ముసలివాడు బోర్లా ఉన్న పడవను వెల్లకిలా తిప్పాడు. పక్కవాడు సాయం పట్టాడు. చూస్తుండగానే పాతపడవలు, తలుపు చెక్కలు, తడకలు, కుండలు, ఏది దొరికితే అది నీళ్లలో పడింది. భటులు ఆపుదామా వద్దా అని కొత్వాలు మొహం చూశారు. శాసనం లేనప్పుడు ఏ అధికారంతో ఆపాలో కొత్వాలుకూ తోచలేదు. అందరికన్నా ముందున్న తెప్ప మీద కొండమ్మ, చేతిలో కుండలు తట్టే చెక్క. దంభోళి పడవ మాత్రం ఉన్నచోటే ఉంది. అతని పెదాల మీద చిన్న నవ్వు.

ఆ నవ్వెందుకో ఉదాత్తుడికి అర్థం కాలేదు. అవతలివైపు సంజ ఎరుపు ఆరేదాకా గడువుంది. అయితేనేం? జవాబు చెప్పడానికి వాళ్లకు ప్రశ్నే లేదు గదా.

అప్పుడు రాతిగోడకు అవతలనుంచి గొంతు లేచింది.

మామ గొంతు కాదది. ఆడగొంతు. గంట మీద వేలు పెట్టి వాయించినట్టు, బిగపట్టిన ఏడుపు అడుగున ఉన్నట్టు. ఉదాత్తుడు గోడకు చెవి ఆనించాడు. ఈసారి మాయ కాదు. ఈ గొంతుకు వయసు వచ్చింది. చివర్లు కొంచెం బొంగురుపోయాయి. ఇన్నేళ్లూ ఎడంగా గడిపిన హేలావతి గొంతు అది. మామ పోయాడు. ఇంట్లో వేరే గొంతు లేదు కనుక ఆ పని ఆమె నెత్తిన పడింది.

"ఆలకించండహో, ముత్యాలమడుగు జనులారా" అంది ఆ గొంతు. "ఏటేటా పలికే శత్రువు ఈ ఏడు పలకలేదు. కోపమని చెప్పే శత్రువు కన్నా చెప్పకుండా ఊరుకున్న శత్రువు ప్రమాదం. వాళ్లు పొంచి ఉన్నారు. నీళ్లలో వాళ్ల పడవలు కదులుతున్నాయి. గట్టుకట్టు పొడిగించాం, బిగించాం. నా చెయ్యి దిగగానే, ఈ నది మీద ఏది కదిలినా కొట్టండి."

ఉదాత్తుడికి అప్పుడు తెలిసింది. ఈ గట్టున చాటకపోవడం అంటే కట్టు విప్పడం. ఆ గట్టున ఆ మౌనానికి అర్థం వేరు. ఇన్నేళ్లు పక్కపక్క రాజ్యాలై, ఇచ్చిపుచ్చుకున్న ఇళ్లై, ఆ ఒక్క సంగతి ఎవరూ ఎవర్నీ అడగలేదు. దంభోళికి తెలుసు.

వెనక నది నిండా జనం. కొండమ్మ తెప్ప రాతిని దాటిపోతోంది.

ఉదాత్తుడు రాతిగోడ మీదికి ఎగబాకాడు. తరతరాల్లో ఏ చాటింపరీ ఎక్కని గోడ. కాలిన అరచేతులు రాతి మీద ఎర్రని గుర్తులు వదిలాయి. పైకి వచ్చి నిలబడ్డాడు. ఎదుట తెల్లని ఏకవస్త్రంలో, తండ్రి తలపాగా తలకు చుట్టుకుని హేలావతి. ఆమె కుడిచెయ్యి పైకెత్తి ఉంది. ఆమె వెనక నీళ్ల మీద, ఈ సాయంత్రానికే దింపిన యుద్ధనావలు వరసగా, వాటి మీద లాగి పట్టిన విల్లులు. ముంగురులు చాలావరకు నెరిశాయి. కళ్ల కింద గీతలు పడ్డాయి. ఇంత అందంగా ఆమె అతనికి ఎన్నడూ కనపడలేదు.

ఆమె అతన్ని చూసింది. గుండు, మన్ను, గోచీ, నెత్తుటి చేతులు. ఆ మొహం మీద ఆమె చూపు చాలాసేపు ఆగింది. పైకెత్తిన చెయ్యి మాత్రం దిగలేదు.

"నా భర్త మొహంతో మా వాకిట్లోకి చాలామంది వచ్చారు" అంది ఆమె. "మీ మాంత్రికుడు ఏటా ఒకణ్ణి పంపుతాడు. మొహం ఎవరికైనా వస్తుంది. ఆయన గొంతు మాత్రం ఇంకెవరికీ రాదు. నువ్వు ఆయనవే అయితే, ఒక్కసారి నన్ను పిలువు. చెయ్యి దించకుండానే విల్లులు దించమంటాను. అంతకన్నా నాకేం వద్దు."

నావల మీద అల్లెతాళ్లు కిర్రుమన్నాయి. సంజ ఎరుపు ఆమె చెంప మీద ఆరిపోతోంది.

ఉదాత్తుడు నోరు తెరిచాడు.